కల్పిత యుద్ధములు – నిజమైన గాయములు

యుద్ధము ఆగిన నాడే సైనికునికి యుద్ధము ముగియదు. తుపాకి దింపి ఇల్లు చేరిన వాని నిద్రలో అది ఇంకను సాగుచుండవచ్చును. శరీరమునకు తగిలిన గాయమును డాక్టరు కట్టు విప్పి చూడగలడు. మనస్సునకు తగిలిన గాయమునకు కట్టు లేదు, మచ్చ లేదు. అందుచేతనే దానిని గాయమని ఒప్పుకొనుటకు లోకమునకు చాలకాలము పట్టినది.

1915 లో చార్లెస్ మైయర్స్ అను బ్రిటిష్ వైద్యుడు 'లాన్సెట్' పత్రికలో వ్రాసిన వ్యాసముతో 'షెల్ షాక్' అను మాట వైద్యములో ప్రవేశించినది. ఫిరంగి గుండు దగ్గరలో ప్రేలుటవలన నరములు అదరి ఈ వ్యాధి కలుగునని మొదట తలచిరి. కాని ప్రేలుడుకు దూరముగా ఉన్నవారిలో కూడ అవే లక్షణములు కనిపించెను. ఇది వ్యాధియా, పిరికితనమా అను సందేహము సైన్యములను వదలలేదు. మొదటి ప్రపంచ యుద్ధములో పారిపోవుట, పిరికితనము మొదలగు నేరములకై కాల్చి చంపబడిన 306 మంది బ్రిటిష్ సామ్రాజ్య సైనికులకు 2006 లో గాని చట్టరీత్యా క్షమ లభింపలేదు. వారిలో ఎందరు నేరస్థులో, ఎందరు రోగులో నేడు తేల్చుట సాధ్యము కాదు. గాయమును గుర్తింపలేని సమాజము చెల్లించు మూల్యము ఇట్టిది.

1980 లో అమెరికా మనోవైద్యుల సంఘము తన వ్యాధుల పట్టిక మూడవ ముద్రణలో 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అను పేరును చేర్చెను. దీనిని తెలుగులో 'ఆఘాతానంతర మానసిక పీడ' అనవచ్చును. జరిగిపోయిన ఘోరము పీడకలగా మరల మరల వచ్చుట, దానిని గుర్తుచేయు చోట్లను, మాటలను తప్పించుకొని తిరుగుట, చిన్న చప్పుడుకే ఉలికిపడుట, తనవారినుండి మనస్సు ముడుచుకొనిపోవుట దీని ముఖ్య లక్షణములు.

వైద్యులు పట్టికలలో వ్రాసిన ఈ విషయమును సామాన్యుల ఇండ్లలోనికి తెచ్చినవానిలో టెలివిజను ఒకటి. అందులోను, వినోదమునకే పుట్టినదని చాలమంది తలచు సైన్సు కల్పిత కథ ఈ పనిని ఎంత నిజాయితీగా చేసినది? ఎక్కడ తప్పించుకొనినది? ఈ ప్రశ్నలు పరిశీలింపదగినవి.

దూరపు గ్రహము వలన ప్రయోజనము

నిజముగా జరిగిన యుద్ధమును గూర్చి కథ వ్రాసినచో చూచువాడు మొదట తన పక్షము వెదకుకొనును. ఎన్నడు జరుగని యుద్ధమును, ఎక్కడను లేని గ్రహమును చూపినపుడు ఆ పట్టుదల సడలును. ఈ ఉపాయమును టెలివిజనులో మొదట గట్టిగా వాడినవారిలో రాడ్ సెర్లింగ్ ఒకడు. ఇతడు రెండవ ప్రపంచ యుద్ధములో పారాచూట్ సైనికుడుగా ఫిలిప్పీన్సులోని లేటే ద్వీపమున పోరాడి గాయపడినవాడు. 1959 లో ప్రారంభమైన 'ట్విలైట్ జోన్' కథలలో ఆ అనుభవము మాటిమాటికి తొంగిచూచును. 1961 డిసెంబరులో ప్రసారమైన 'ఎ క్వాలిటీ ఆఫ్ మెర్సీ' అను కథలో, గుహలో చిక్కిన జపాను క్షతగాత్రులను తుదముట్టింపవలెనని ఉవ్విళ్లూరు అమెరికన్ యువ అధికారి ఒకడు కనురెప్పపాటులో తానే జపాను అధికారిగా మారిపోవును. ఇప్పుడు గుహలో ఉన్నవారు అమెరికన్ క్షతగాత్రులు. శత్రువనునది నిలుచున్న చోటునుబట్టి మారునని చెప్పుటకు ఉపన్యాసము అవసరము కాలేదు.

ఒక అంతరిక్ష కేంద్రము

ఈ మార్గములో చాలదూరము పోయినది 1993 నుండి 1999 వరకు ఏడు సంవత్సరములు నడచిన 'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్'. ఇందలి కథ ఒక అంతరిక్ష కేంద్రము చుట్టును తిరుగును. దాని అధిపతి బెంజమిన్ సిస్కో పూర్వమొక యుద్ధములో భార్యను కోల్పోయినవాడు. మొదటి కథలోనే అతడు కాలక్రమము తెలియని విచిత్ర జీవులను కలిసికొనును. భూత భవిష్యత్తులు ఎరుగని ఆ జీవులకు అతనిలో ఒక వింత కనబడును. కాలము ముందుకు సాగునని బోధించు ఈ మనిషి తాను మాత్రము భార్య మరణించిన క్షణములోనే నివసించుచున్నాడు! ఆఘాతానంతర పీడకు ఇంతకంటె సులభమైన నిర్వచనము దొరకుట కష్టము. మామూలు జ్ఞాపకము గతమునకు చెందును. ఆఘాత జ్ఞాపకము వర్తమానముగా మరల జరుగును.

కథ సాగినకొలది ఈ కేంద్రము 'డొమినియన్' అను సామ్రాజ్యముతో పెద్ద యుద్ధములో చిక్కుకొనును. ఆ యుద్ధకాలపు కథలలో రెండింటిని, యుద్ధమునకు పూర్వపు కథ నొకదానిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో మూడు వేరువేరు గాయములు కనబడును.

మొదటి గాయము: భయము

1998 నవంబరులో వచ్చిన 'ది సీజ్ ఆఫ్ ఏఆర్-558' అను భాగమునకు దర్శకుడు విన్రిక్ కోల్బె. ఈయన వియత్నాం యుద్ధములో పనిచేసినవాడు. ఒక బోడి గ్రహముపై 150 మంది సైనికులు శత్రువుల వార్తా కేంద్రమును పట్టుకొని ఐదు నెలలనుండి కాపాడుచుందురు. మిగిలినవారు 43 మంది. వారిలో వార్గాస్ అనువాడు చేతి కట్టును మార్చనీయడు. తన చొక్కా చింపి ఆ కట్టు కట్టిన తోటివాడు ఆ వెంటనే గుండుదెబ్బకు కూలినాడు. వాడు బ్రదికియున్నపుడు వీనికి వాడన్న గిట్టదు. ఇప్పుడు వాడు మిగిల్చిన గుడ్డపీలికను విడువలేడు. ఇట్టి చిన్న విషయము వంద ప్రేలుళ్లకంటె ఎక్కువ చెప్పును.

అక్కడనే నోగ్ అను యువ అధికారి కాలు పోగొట్టుకొనును. వర్తకమే ప్రాణముగా గల ఫెరెంగీ జాతినుండి సైన్యములో చేరిన మొదటివాడితడు. వీరుడనిపించుకొనవలెనని కుతూహలపడినవాడు. మరునెలలో ప్రసారమైన 'ఇట్స్ ఓన్లీ ఎ పేపర్ మూన్' ఇతని కథయే. అతనికి కృత్రిమముగా పెంచిన క్రొత్త కాలును అమర్చుదురు. కాలులో లోపము లేదని డాక్టర్లందురు. ఐనను అతడు కుంటుచునే ఉండును, నొప్పి అనుచునే ఉండును. ఇది నటన కాదు. పరీక్షకు దొరకని నొప్పి. కడకు అతడు 'హోలోసూట్' అను కల్పిత దృశ్యశాలలో దాగుకొనును. అందులో 1962 నాటి లాస్ వేగాస్ నగరము, ఒక పాటల క్లబ్బు, విక్ ఫాంటేన్ అను గాయకుడు ఉన్నవి. గాయకుడు కూడ కాంతితో చేసిన బొమ్మయే. తాను బొమ్మనని తెలిసిన బొమ్మ. నోగ్ అచ్చట క్లబ్బు లెక్కలు వ్రాయుచు, పాటలు వినుచు, బయటి లోకమును మరచును. కొన్నాళ్లకు విక్కే ఆ ప్రదర్శనను ఆపివేసి అతనిని బయటకు నెట్టును. అప్పుడు గాని అసలు మాట వెలికి రాదు: తనకేమియు కాదని ఇంతకాలము నమ్మితిననియు, కాలు పోయినప్పటినుండి ఏమైనను జరుగవచ్చునని తెలిసి భయపడుచున్నాననియు నోగ్ విలపించును.

ఇక్కడ కల్పనను వాస్తవముతో పోల్చుట లాభకరము. ఈ కథ వచ్చిన కాలముననే, 1990 దశకము చివర, అట్లాంటా నగరమున మనోవైద్యులును కంప్యూటరు నిపుణులును కలసి 'వర్చువల్ వియత్నాం' అను చికిత్సను పరీక్షించుచుండిరి. కన్నులకు తెరలు తగిలించుకొన్న మాజీ సైనికునికి హెలికాప్టరులో అడవిపై ఎగురుచున్నట్లును, అడవి నడుమ బయలులో నిలిచినట్లును కనబడును. ప్రక్కన వైద్యుడుండును. నిజమైన వైద్యశాల రోగిని యుద్ధములోనికి మరల తీసికొనిపోవగా, కథలోని దృశ్యశాల యుద్ధమునుండి దాచినది! వైద్యశాస్త్రము ప్రకారము నోగ్ క్లబ్బులో గడిపిన దినములు చికిత్స కావు, తప్పించుకొను లక్షణమే. కథ గొప్పతనమేమనగా, దానికి ఈ సంగతి తెలియును. విశ్రాంతి కొంతవరకు మందు. అటుపైన అదే జబ్బు. తలుపు మూయవలసిన సమయమును గుర్తించుటలోనే చికిత్స ఉన్నది.

భయమును కలిగించు జ్ఞాపకమును ప్రమాదము లేని చోట మరల మరల ఎదుర్కొన్నచో భయమేల తగ్గును? దీనికి పావ్లోవ్ కుక్కలు కొంత సమాధానము చెప్పును. గంట మ్రోగినపుడెల్ల ఆహారము పెట్టగా కుక్క గంటకే లాలాజలము కార్చును. ఆహారము పెట్టక గంట మాత్రమే మ్రోగింపగా ఆ అలవాటు క్రమముగా ఆగును. కాని కొంత విరామము తరువాత గంట మ్రోగించినచో లాలాజలము మరల కనబడును. అనగా పాత పాఠము చెరగిపోలేదు. దానిపై క్రొత్త పాఠము చేరినది. చికిత్స కూడ అంతే. జ్ఞాపకము పోదు, 'ఇప్పుడు ప్రమాదము లేదు' అను క్రొత్త పాఠము చేరును. కథ చివర నోగ్ పూర్తిగా స్వస్థుడు కాడు. తేలిక పనితో ఉద్యోగమునకు మరలును. ఈ ముగింపు శాస్త్రసమ్మతమే.

రెండవ గాయము: తాను చేసిన పని

అందరి గాయమును భయము కాదు. వియత్నాం సైనికులకు చికిత్స చేసిన జోనథన్ షే అను మనోవైద్యుడు 1994 లో గ్రీకు వీరుడు అకిలిస్‌ను వారితో పోల్చి ఒక గ్రంథము వ్రాసెను. ధర్మము తప్పినదను భావమే కొందరిని ఎక్కువగా కుంగదీయునని అందు చూపెను. దీనికి 'నైతిక గాయము' అను పేరు వచ్చినది. 2009 లో బ్రెట్ లిట్జ్, అతని సహచరులు దీనిని మరింత స్పష్టము చేసిరి: తన నీతికి విరుద్ధమైనది చేయుట, ఆపలేకపోవుట, చూచుట – ఈ మూడును గాయపరచును. భయపడినవాడు 'నాకేమగునో' అనును. నైతికముగా గాయపడినవాడు 'నేనేమైతిని' అనును.

1998 ఏప్రిలులో వచ్చిన 'ఇన్ ది పేల్ మూన్‌లైట్' ఈ రెండవ ప్రశ్నయే. యుద్ధములో ఓటమి దగ్గరపడుచుండగా, తటస్థులైన రోములన్లను తమ పక్షమునకు త్రిప్పుటకు సిస్కో దొంగ సాక్ష్యమును పుట్టించును. ఆ మోసమును రోములన్ సెనేటరు కనిపెట్టును. సిస్కోకు తోడ్పడిన గారక్ అను మాజీ గూఢచారి ఆ సెనేటరు నౌకను బాంబుతో కూల్చి నెపమును శత్రువుపైకి నెట్టును. రోములన్లు యుద్ధములోనికి దిగుదురు. కోట్ల ప్రాణములు దక్కవచ్చును. ఈ కథనంతయు సిస్కో తన దినచర్య గ్రంథములో చెప్పుకొనుచు, ఈ పాపముతో బ్రదుకగలనని తనకు తానే నచ్చజెప్పుకొని, చివరకు ఆ దినచర్యను చెరిపివేయుమని కంప్యూటరుకు ఆజ్ఞాపించును.

తెలుగు పాఠకునికి ఈ సందర్భము క్రొత్త కాదు. ద్రోణుని పడగొట్టుటకు ధర్మరాజు అశ్వత్థామను గూర్చి పలికిన అర్ధసత్యము, అంతవరకు నేలకు నాలుగంగుళములు పైన నడచిన అతని రథము నేలకు దిగిన సంగతి అందరు ఎరిగినదే. భారతము అక్కడితో ఆగలేదు. గెలిచిన తరువాత రాజ్యము వలదని ధర్మరాజు దుఃఖించుటతో శాంతిపర్వము మొదలగును. గెలుపు అతని గాయమును మాన్పలేదు. సిస్కో కథలో లోటు ఇక్కడనే ఉన్నది. రథము నేలకు దిగినది గాని శాంతిపర్వము రాలేదు. తరువాతి కథలలో రహస్యము బయటపడదు; విచారణ లేదు. ఒక భాగము చూడనివాడు కూడ తరువాతి భాగమును సుఖముగా చూడవలెనను ఆనాటి టెలివిజను వ్యాపారనియమము ఇందుకు కొంత కారణము కావచ్చును. కాని ఫలితము మాత్రము ఇది: చూచువాడు చెరిపివేతను పరిష్కారమని పొరబడుటకు అవకాశము మిగిలినది.

మూడవ గాయము: చూచి ఊరకుండుట

దీనికి సరియైన జవాబు అదే ధారావాహికలో ఐదేండ్ల ముందే ఉన్నది. 1993 నాటి 'డ్యూయెట్' అను భాగములో కీరా నెరీస్ అను బజోరన్ స్త్రీ, తన దేశము నాక్రమించిన కార్డాసియన్లతో పూర్వము రహస్యముగా పోరాడినది, ఒక కార్డాసియన్‌ను యుద్ధనేరస్థుడని బంధించును. గాలిటెప్ అను నిర్బంధ శిబిరమును ఏలిన క్రూరుడను తానేనని అతడు విర్రవీగును. విచారణలో అది అబద్ధమని తేలును. క్రూరుడైన ఆ అధికారి అంతకు ముందే మరణించినాడు. ఇతడు మరిట్జా అను గుమాస్తా. శిబిరములోని ఆర్తనాదములు వినలేక రాత్రులు చెవులు మూసికొన్నవాడు. ఆపలేకపోయినందుకు కుమిలి, ముఖమును శస్త్రచికిత్సచే మార్చుకొని, యజమాని పాపమును తాను మోసి శిక్షపొందుటకు వచ్చినాడు. అప్పుడైనను తన దేశము తప్పు ఒప్పుకొనునని అతని ఆశ. కీరా అతనిని విడిచిపుచ్చును. కాని ఒక బజోరన్ అతనిని పొడిచి చంపును. కార్డాసియన్ కావడమే చాలు కారణమనును. కథ మొదట అట్లే తలచిన కీరా, చివర అది కారణము కాదని చెప్పును.

ఈ కథలో ఫిరంగి మ్రోగదు. ఇద్దరు మనుష్యులు ఒక గదిలో మాటలాడుకొందురు. ఐనను లిట్జ్ పదునారేండ్ల తరువాత వ్రాసిన మూడు మాటలలో రెండు – ఆపలేకపోవుట, చూచుట – ఒక్క గుమాస్తాలో కనబడును. సిస్కో చెరిపినాడు, మరిట్జా చెరిపివేయుటకు ఒప్పుకొనలేదు. మూడింటిలో మిన్న ఈ కథయే.

చెరిపివేత ప్రమాదము

చెరిపివేతను ముఖాముఖి ప్రశ్నించినది 2016 లో 'బ్లాక్ మిర్రర్' ధారావాహికలో వచ్చిన 'మెన్ అగెయిన్స్ట్ ఫైర్'. ఇందలి సైనికుల తలలలో ఒక యంత్రమును అమర్చుదురు. దానివలన బలహీనులైన మనుష్యులు వారికి వికృత రాక్షసులుగా కనబడుదురు. స్ట్రైప్ అను సైనికుని యంత్రము చెడిపోగా, తాను చంపినది మనుష్యులనేనని తెలియును. అప్పుడొక మనోవైద్యుడు రెండు దారులు చూపును: జ్ఞాపకము చెరిపించుకొనుట, లేక చెరలో ఆ హత్యలనే ఎడతెగక చూచుట.

ఈ కథ పేరు ఎస్. ఎల్. ఏ. మార్షల్ 1947 లో వ్రాసిన గ్రంథమునకు చెందినది. రణరంగమున నాలుగవవంతుకు మించి సైనికులు తుపాకి పేల్చరని అతడు చెప్పెను. ఆ లెక్క సేకరించిన పద్ధతిని తరువాతి చరిత్రకారులు గట్టిగా శంకించిరి. కథ దానిని నిజమని తీసికొనుట ఒక లోపము. సంఘటన జ్ఞాపకమును మనిషి తలనుండి కోరినట్లు తొలగించు సాధనము కూడ నేటికి లేదు. గుర్తుచేసిన భయము కొంతసేపు మార్పునకు లోబడునని 2000 లో ఎలుకలపై జరిగిన ప్రయోగములు తెలిపెను గాని, అది వేరు, బొత్తిగా తుడిచివేయుట వేరు. ఐనను కథ అడిగిన ప్రశ్న సాధనము కొరకు వేచియుండదు. పశ్చాత్తాపమును తీసివేసిన సైనికుడు స్వస్థుడా, లేక మరల చంపుటకు సిద్ధము చేయబడినవాడా?

ఈ ప్రశ్నకు నూరేండ్ల క్రిందటనే ఒక వైద్యుడు తన చికిత్సచే జవాబు చెప్పెను. డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్స్ నీలగిరులలోని తోడా జనులను పరిశీలించి 1906 లో గ్రంథము వ్రాసినవాడు. మొదటి యుద్ధకాలమున ఎడింబరో దగ్గరి క్రెయిగ్‌లాకర్ట్ ఆసుపత్రిలో సైన్యాధికారులకు చికిత్స చేసెను. యుద్ధమును మరచిపొండని రోగులకు చెప్పుట మేలు కాదు, కీడని ఆయన 1918 లో 'లాన్సెట్' పత్రికలో వాదించెను. జ్ఞాపకమును పాతిపెట్టరాదు, భరింపదగిన రూపములో దానిని చూడగలుగునట్లు సహాయము చేయవలెను. ఇది ఆయన పద్ధతి.

గుణదోషములు

సైన్సు కల్పన ఈ విషయములో చేసిన మేలు చిన్నది కాదు. కనబడని నొప్పిని క్రొత్త కాలుగా, నిలిచిపోయిన కాలమును విచిత్ర జీవుల ప్రశ్నగా, ద్వేషమును తలలోని యంత్రముగా చూపి, కంటికి అందునట్లు చేసినది. దోషములు కూడ చిన్నవి కావు. నెలలు, సంవత్సరములు పట్టు చికిత్సను ముప్పాతిక గంటలో ముగించును. నోగ్ బాధ తరువాతి కథలలో దాదాపు మాయమగును. మాజీ సైనికుని భార్య, తల్లి, పిల్లలు తెరమీదికి రారు. నిజజీవితములో ఆ పీడను పంచుకొనువారు వారే.

తరగతిలో ఇట్టి కథను గూర్చి ప్రసంగము వచ్చినపుడు 'ఎవరు గెలిచిరి?' అను ప్రశ్న విద్యార్థులకు సులభముగా తోచును. ఉపాధ్యాయుడు దానిప్రక్కన మరి మూడు ప్రశ్నలు వేయవచ్చును: ఈ మనిషికి ఏమి జరిగినది? ఇతడు ఏమి చేసినాడు? ఏమి చూచి ఊరకున్నాడు? కథ ఈ మూడింటికి సమాధానము వెదకినదో, లేక చెరిపివేసినదో గమనించినచో, మంచి కథకును కాలక్షేపపు కథకును భేదము విద్యార్థికే తెలియును. అంతకుమించి, ఊరిలో ఏ మాజీ సైనికుడైనను టపాకాయల చప్పుడుకు ఉలికిపడినపుడు ఆ విద్యార్థి నవ్వడు. ఆ ఉలికిపాటు పిరికితనము కాదని, మానని గాయము కావచ్చునని అతనికి తెలిసియుండును.